రెండో స్టార్ట్

పామర్రు నుంచి మునీర్ పంపిన మొదటి నంబరు పోరంకిలో ఇష్రత్ కంప్యూటర్ మీద ఎనిమిదీ అయిదుకు పడింది. పదిహేడో నంబరు. పక్కన పేరు రుచిత. ఆ పక్కనే టైమింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కకట్టిన కాలం: నలభై ఏడు నిమిషాల చిల్లర.

ఇష్రత్ ఆ అంకెను రెండోసారి చూసింది. చల్లపల్లి నుంచి పామర్రుకు పద్దెనిమిది కిలోమీటర్లు. పందెం సైకిలు మీద వచ్చే పిల్లకు ముప్పై అయిదు నిమిషాలు ఎక్కువ. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలైనా నలభై ఏడు నిమిషాల్లో ఆ దూరం వస్తుంది.

అది 2007 ఫిబ్రవరి, ఆదివారం. బాలికల సైకిల్ పందెం చల్లపల్లిలో మొదలై పామర్రు మీదుగా పోరంకిలో ముగుస్తుంది. మొత్తం యాభై కిలోమీటర్లు. గంటా ముప్పై అయిదు నిమిషాల లోపు వచ్చినవాళ్ల పేర్లు రాష్ట్ర జూనియర్ క్యాంపుకు వెళతాయి. ఎన్నో స్థానమన్నది క్యాంపువాళ్లకు అక్కర్లేదు, టైమే కావాలి.

ఇష్రత్ గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది. ఆమె తండ్రి నాగుల్ మీరాకు వన్‌టౌన్‌లో వాచీలు బాగుచేసే కొట్టుంది. ఇరవై ఆరేళ్లుగా జిల్లాలో ఎక్కడ పరుగు పందెం జరిగినా, సైకిల్ పందెం జరిగినా స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేది ఆయనే. పోయిన ఏడాది ఇదే పందెంలో, బయలుదేరామన్న కబురు ఫోన్లో చెప్పబోతే లైను కలవలేదు. కలిసేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. ఆ గొడవ చూశాక ఇష్రత్ నాలుగు నెలలు కూర్చుని ఒక ప్రోగ్రాం రాసింది. టైమింగ్ సాఫ్ట్‌వేర్ ముగింపు గీత దగ్గర ఆమె కంప్యూటర్లో ఉంటుంది. దానికి ఆజ్ఞలు మాత్రం ఎక్కడి నుంచైనా ఇవ్వొచ్చు. చల్లపల్లిలో ల్యాప్‌టాప్‌కు డేటా కార్డు పెట్టి ఒక మీట నొక్కితే START అనే మెసేజ్ నెట్‌వర్క్ మీదుగా వచ్చి ఇక్కడ గడియారాన్ని నడిపిస్తుంది. పామర్రులో మునీర్ నంబరు కొడితే ఆ క్షణం ఇక్కడ నమోదవుతుంది. ముగింపు గీత పక్కనున్న పెద్ద ఎలక్ట్రానిక్ బోర్డుకూ అంకెలు మెసేజ్‌లుగానే వెళతాయి. ఏ మెసేజ్ ఎవరు పంపారో, ఏ సెకనుకు పంపారో చిట్టాలో ఒక లైను పడుతుంది. ఆ లైను ఎవరూ చెరపలేరు.

మునీర్ ఆమె పిన్ని కొడుకు. ఇష్రత్ అతనికి ఫోన్ చేసింది.

"నీ దగ్గర టైమెంతయిందిరా?"

"ఎనిమిదీ ఏడు. ఏమక్కా?"

"పిల్లలు మధ్యలో ఎక్కడన్నా ఆగారా? ఏదన్నా లారీ అడ్డం పడిందా?"

"ఎక్కడాగారు! గుంపుగా వచ్చారు, గుంపుగా పోయారు. నా మొహాన దుమ్ము కొట్టి మరీ పోయారు."

"మరి నలభై ఏడు నిమిషాలేంట్రా?"

"నలభై ఏడా? వెనకాల బండి మీద వచ్చినాయన జెండా ఊపిందే ఏడున్నర దాటాక అన్నాడే."

ఇష్రత్ ఫోన్ పెట్టేసి చిట్టా తెరిచింది. రెండు లైన్లున్నాయి. ఏడూ పద్దెనిమిది నాలుగో సెకనుకు చల్లపల్లి నుంచి START, స్వీకరించాం. ఏడూ ముప్పై ఒకటి పన్నెండో సెకనుకు చల్లపల్లి నుంచి START, తిరస్కరించాం, పందెం ఇప్పటికే మొదలైంది.

తిరస్కరించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది ఆమే. ఒక పరుగు పందెంలో ఎవరో ఉత్సాహంకొద్దీ రెండుసార్లు మీట నొక్కితే గడియారం సున్నా నుంచి మళ్లీ మొదలైంది. అప్పుడు ఆమె ఆ కట్టడి పెట్టింది. రెండో START వచ్చిన వేళకు ఆమె బోర్డు కింద వంగి జనరేటర్ వైరు సరిచేస్తోంది. ఆ లైను తెర అడుగున పడి, పైకి జరిగి, కనపడకుండా పోయింది.

చల్లపల్లిలో మీట నొక్కిన తండ్రి ఫోన్ మూడోసారికి ఎత్తాడు. వ్యాన్లో పందెం వెనకాలే వస్తున్నాడు.

"నాన్నా, పద్దెనిమిదికి ఎందుకు నొక్కావు?"

వ్యాను మోత మీదుగా ఆయన గొంతు వినపడింది.

"దుర్గాప్రసాద్ గారు నొక్కమన్నారమ్మా."

దుర్గాప్రసాద్ పందెం నడిపే సంఘానికి కార్యదర్శి. రేస్ డైరెక్టర్ కూడా ఆయనే.

"పిల్లలు కదలకుండానా?"

"ఏడూ ఇరవైకి వర్జ్యం వస్తదంట. ముఖ్య అతిథి ఇంకా రాలేదు. కొబ్బరికాయ కొట్టేశారు. ఏడూ పద్దెనిమిదికి ప్రారంభం అని ఇన్విటేషన్లో ఉందయ్యా, మంచి టైంలో లాంఛనంగా ఒకసారి నొక్కెయ్, ఆయనొచ్చి జెండా ఊపాక అసలుది నొక్కుదువుగాని అన్నారు."

"లాంఛనంగానా? అది గడియారం నాన్నా, కొబ్బరికాయ కాదు."

"మళ్లీ నొక్కాగదమ్మా ఏడూ ముప్పై ఒకటికి. తీసుకుందనుకున్నా."

"తీసుకోదు."

"నాకేం తెలుసు? స్టాప్‌వాచ్ ఎన్నిసార్లు నొక్కినా తీసుకుంటది."

"నాకొక్క ఫోన్ కొట్టుంటే అయిపోయేదిగా!"



సరిచేయడం ఒక్క మెసేజ్ పని. స్టార్ట్ సమయం మార్చమని పంపితే సాఫ్ట్‌వేర్ అందరి కాలాలూ తిరిగి కట్టుకుంటుంది. ఆ మెసేజ్‌తో పాటు రేస్ డైరెక్టర్ పాస్‌వర్డ్ వెళ్లాలి. దారినపోయే ప్రతివాడూ స్టార్ట్ మార్చకూడదని ఆ ఏర్పాటు కూడా ఇష్రతే చేసింది. పాస్‌వర్డ్ ఉన్నది దుర్గాప్రసాద్ దగ్గర.

దుర్గాప్రసాద్ కారు తొమ్మిదింటికి పది నిమిషాలుండగా వచ్చింది. ముఖ్య అతిథి వెంకటకృష్ణారావు ఆ కార్లోంచే దిగాడు. ఆయనకు రైస్ మిల్లు ఉంది. పిల్లల జెర్సీల మీద ఆ మిల్లు పేరుంది. అతిథిని షామియానా కింద కూర్చోబెట్టి దుర్గాప్రసాద్ ఇవతలికి వచ్చేదాకా ఇష్రత్ నిలబడి ఉంది.

"స్టార్ట్ మార్చాలండి. పదమూడు నిమిషాల ఎనిమిది సెకన్లు తేడా ఉంది. మీ పాస్‌వర్డ్ కొట్టండి."

"ర్యాంకులు మారతాయా?"

"మారవండి."

"మరింకేం? అందరికీ సమానంగానే ఎక్కువొచ్చింది. ఎవరికీ అన్యాయం జరగలేదు."

"ర్యాంకుతో క్యాంపుకి పంపరండి. టైం చూస్తారు. ఈ గడియారం లెక్కన ఒక్క పిల్ల కూడా వెళ్లదు."

దుర్గాప్రసాద్ గొంతు తగ్గించాడు.

"ఇదుగో అమ్మాయ్. ఏడూ పద్దెనిమిదికి వెంకటకృష్ణారావు గారి చేతుల మీదుగా ప్రారంభమైందని నిన్ననే పేపరోళ్లకి రాసిచ్చేశా. ఇప్పుడు రిజల్టు కాగితం మీద ఏడూ ముప్పై ఒకటి వేస్తే ఏమవుద్ది? ఆయన ఆలస్యంగా వచ్చాడని మనమే రాసిచ్చినట్టు. వర్జ్యంలో మొదలెట్టామని మనమే చాటింపు వేసినట్టు."

"ఆయన ఆలస్యంగానే వచ్చారండి. వర్జ్యంలోనే మొదలెట్టారు."

"నోరు బాగానే వచ్చిందే నీకు. వచ్చే ఏడాది జెర్సీలు ఎవరిస్తారు, నువ్విస్తావా?"

"ఆ పిల్లలు పొద్దున ఆరింటి నుంచి ఆ రోడ్డు మీద నిలబడ్డారండి. వాళ్లు కదిలిన టైం వాళ్లకి ఇవ్వమంటున్నా. మీ జేబులోది అడగట్లేదు."

"ముందు పందెం కానీ. తర్వాత మాట్లాడదాం" అని ఆయన షామియానా వైపు వెళ్లిపోయాడు.

తొమ్మిదీ నాలుగు ఇరవై ఆరో సెకనుకు పదిహేడో నంబరు గీత దాటింది. రుచిత మొదటిది. బోర్డు మీద 1:46:22 పడింది. జనం చప్పట్లు కొట్టారు. రుచిత కొంత దూరం పోయి, బ్రేకు వేసి, సైకిలు తిప్పుకుని వెనక్కి వచ్చి బోర్డు చూసింది.

ఆమె తండ్రి బసవయ్య పామర్రు పక్క ఊళ్లో మూడెకరాలు కౌలుకు చేస్తాడు. రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున మోపెడ్ మీద కూతురి వెనకాల లైటు వేసుకుని తిరిగినవాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఇష్రత్ బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, పామర్రు కాడ ఎనిమిదీ అయిదుకి దాటింది మా పిల్ల. నేను చూశా. అక్కణ్ణుంచి ఇక్కడికి ముప్పై రెండు కిలోమీటర్లు. గంటలో వచ్చింది. ముప్పై రెండు గంటలో తొక్కిన పిల్ల, అంతకుముందు పద్దెనిమిదికి ముప్పావుగంట తీసుకుందా? మీ గడియారానికేమైందో చూడండమ్మా."

"గడియారానికేం కాలేదు బాబాయ్. అది చెప్పినట్టు విన్నది."

"మరి?"

"చెప్పినవాళ్లు తప్పు చెప్పారు."

రుచిత సైకిలు పట్టుకునే నిలబడింది. "అక్కా, వచ్చే నెలతో నాకు పద్దెనిమిదొస్తాయి. జూనియర్‌లో ఇంక అవకాశం లేదు" అంది. ఏడవలేదు. బోర్డు వైపు వేలు చూపించి, "అది నాది కాదు" అంది.

కప్పు బల్ల మీద ఉంది. అది రుచితదే. కప్పు ఇస్తున్నాంగా, ఇంకేం కావాలని దుర్గాప్రసాద్ మనిషి ఒకడు బసవయ్యతో అన్నాడు. బసవయ్య అతని మొహం చూసి, "దాంట్లో నూకలు పోసి కోళ్లకి పెట్టుకుంటాలే" అన్నాడు.

రాష్ట్ర సంఘం నుంచి పరిశీలకురాలిగా వచ్చినావిడ ఛాయాదేవి. ఆమె సంతకంతో జాబితా మధ్యాహ్నం రైలుకు హైదరాబాదు వెళుతుంది. ఇష్రత్ ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచి తెర మీద రెండు లైన్లూ చూపించింది. ఏం జరిగిందో చెప్పింది. ఛాయాదేవి కళ్లజోడు పెట్టుకుని చదువుతుండగా దుర్గాప్రసాద్ అక్కడికి వచ్చాడు.

"మేడం, ఆ ప్రోగ్రాం రాసింది తనేనండి. రాసినోళ్లకి ఇంకొక లైను రాసుకోవడం ఎంతసేపండి? అధికారికంగా మనం ఇచ్చిన స్టార్టు ఏడూ పద్దెనిమిది. మెసేజ్ వచ్చింది, మిషను తీసుకుంది. దాన్నే నమ్మాలి గదండీ. లేకపోతే మిషనెందుకు పెట్టుకున్నట్టు?"

 పన్నెండేళ్ల వయసు నుంచి ఇష్రత్ తండ్రి పక్కన స్టాప్‌వాచ్‌లు పట్టుకుని నిలబడింది. సెకనులో పదో వంతు తేడా వచ్చినా ఆయన రెండు వాచీల కాలాలూ రాసి, రెండింటి కిందా గీత గీసేవాడు. దొంగ లైను రాశావన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అనలేదు.

"నేను రాసుకున్నానా అండీ?"

"రాశావన్లేదమ్మా. రాయొచ్చు అన్నా."

ఛాయాదేవి కళ్లజోడు తీసింది. "నిన్ను అనుమానించి కాదమ్మాయ్. అక్కడ వాళ్లు నన్నడిగితే కంప్యూటర్లో ఉందని చెబితే చాలదు. ఇంకేదన్నా కాగితం ఉందా?"

అప్పటికే వ్యాను వచ్చి ఆగింది. నాగుల్ మీరా దిగి, చేతిసంచి చంకలో పెట్టుకుని వస్తున్నాడు. దుర్గాప్రసాద్ రెండడుగులు ఎదురెళ్లాడు.

"రా మీరా సాబ్. ఎండన పడి వచ్చావు, ముందు మజ్జిగ తాగు" అని గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు.

"నాన్నా, పుస్తకం ఇవ్వు" అంది ఇష్రత్.

ఆ సంచిలో ఏ పుస్తకం ఉందో తండ్రీకూతుళ్లకూ దుర్గాప్రసాద్‌కూ తెలుసు. నాగుల్ మీరా ప్రతి పందెం మొదలైన సమయం అట్టవేసిన ఒక పుస్తకంలో రాస్తాడు. జెండా ఊపినవారి చేత, జెండా దిగిన వెంటనే, ఆ సమయం పక్కనే సంతకం పెట్టించుకుంటాడు. మొదట్లో అది గౌరవం కోసం మొదలైన పద్ధతి. కలెక్టర్లు, హెడ్మాస్టర్లు, ఇన్‌స్పెక్టర్లు ఆ పుస్తకంలో సంతకాలు చేశారు. ఈ పొద్దు కూడా ఆయన ఆ పద్ధతి మానలేదు.

నాగుల్ మీరా గ్లాసు పట్టుకుని దుర్గాప్రసాద్ వైపు చూశాడు. ఇరవై ఆరేళ్లలో సగం పందాలకు ఆయన్ను పిలిచింది ఈ సంఘమే. చల్లపల్లిలో మీట నొక్కమన్నప్పుడు నొక్కింది కూడా అందుకే.

"పుస్తకం తర్వాత చూద్దాంలే మీరా సాబ్. తాగు, తాగు."

"నాన్నా, ఆ రెండో స్టార్టు నేను కూర్చుని రాసుకున్నానంటున్నారు."

నాగుల్ మీరా గ్లాసు దించాడు.

"అట్లా అన్నారాండీ?"

"ఏదో మాటవరసకి…"

"అమ్మాయి రాసుకుందని అన్నారా, అన్లేదా?"

దుర్గాప్రసాద్ షామియానా వైపు చూశాడు. నాగుల్ మీరా మజ్జిగ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టాడు. సంచిలోంచి పుస్తకం తీసి, దారం పెట్టిన పేజీ తెరిచి, ఛాయాదేవి ముందుంచాడు. ఆ రోజు తేదీ. బాలికల సైకిల్ పందెం, చల్లపల్లి. స్టార్ట్ 7-31-12. పక్కన నీలం సిరాతో వెంకటకృష్ణారావు సంతకం.

"ఏడూ పద్దెనిమిదికి నొక్కింది నేనేనమ్మా," అన్నాడు ఛాయాదేవితో. "నొక్కమన్నారు, నొక్కాను. తప్పే. కానీ పిల్లలు కదిలింది దీనికి."

ఛాయాదేవి పుస్తకం తీసుకుని షామియానా కిందికి వెళ్లింది. మిగతావాళ్లు, బల్ల దగ్గరే ఉన్న బసవయ్య కూడా, ఆమె వెనకాల వెళ్లారు. వెంకటకృష్ణారావు పుస్తకం కాస్త దూరంగా పట్టుకుని చూశాడు.

"నా సంతకమేనండి. టైం నేను చూడలేదుగానీ, అంతే అయ్యుంటది. ఏడున్నరకి గదా నేనొచ్చింది. పెసరట్టు తిని వెళ్లమని మా వియ్యంకుడు కదలనిస్తేనా."

"ప్రారంభం ఏడూ పద్దెనిమిది అంటున్నారు వీళ్లు" అంది ఛాయాదేవి.

"పద్దెనిమిదికి నేను పెసరట్టు దగ్గరే ఉన్నా." ఆయన దుర్గాప్రసాద్ వైపు తిరిగాడు. "ఏంటి ప్రసాదూ? దాచమని నేనేమన్నా చెప్పానా నీకు?"

దుర్గాప్రసాద్ చెమట తుడుచుకున్నాడు. ఇష్రత్ ఆయన్నే చూస్తోంది. ఎవరి మర్యాద కోసం పదమూడు నిమిషాలు పిల్లల నెత్తిన వేశాడో, ఆ మనిషి ఆ మర్యాద అడగనే లేదు.

ఆయన వచ్చి ఇష్రత్ కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టాడు. ఇష్రత్ సమయం కొట్టింది. మెసేజ్ వెళ్లింది. బోర్డు మీద అంకెలు ఒకసారి ఆరి మళ్లీ వెలిగాయి. పదిహేడో నంబరు, 1:33:14. దాని కింద మరో ముగ్గురు పిల్లల కాలాలు గంటా ముప్పై అయిదు లోపు వచ్చాయి. రుచిత అంకెలు చూసి సైకిలు స్టాండు వేసింది. అప్పటిదాకా పట్టుకునే ఉంది. బసవయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆ తువ్వాలు చాలాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు.

ఛాయాదేవి జాబితా మీద సంతకం చేసింది. వెంకటకృష్ణారావు దుర్గాప్రసాద్‌ను దగ్గరికి పిలిచి, "పేపర్లో మటుకు పద్దెనిమిదే ఉండనీ. వర్జ్యం సంగతి మా ఇంట్లో తెలిస్తే గోల" అన్నాడు.

"చిత్తం" అన్నాడు దుర్గాప్రసాద్. మైకు అందుకున్నాడు.

"క్రీడాభిమానులకు మనవి. కంప్యూటర్‌లో తలెత్తిన సాంకేతిక లోపాన్ని మన కమిటీ సకాలంలో గుర్తించి సరిచేసింది. ఇప్పుడు బహుమతి ప్రదానం."

ఇష్రత్ కుర్చీలోంచి లేచింది. నాగుల్ మీరా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలేమ్మా. పిల్లకి టైం వచ్చిందిగా."

"లోపం కంప్యూటర్‌దంట నాన్నా. నాలుగు నెలలు రాశా దాన్ని. మీట నొక్కించింది ఆయన, లోపం నాదంటున్నాడు."

"మైకు ఆయన చేతిలో ఉందమ్మా."

"బోర్డు నా చేతిలో ఉంది" అని ఇష్రత్ మళ్లీ కూర్చుంది.

బోర్డుకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప రావు. ఆమె రెండు లైన్లు పంపింది. బోర్డులో పట్టేంత మటుకే, ఒక్క అంకె మార్చలేదు. చిట్టాలో ఉన్న సమయాలు ఉన్నట్టే:

07:18:04 START
07:31:12 START

అప్పటికి రుచిత వేదిక ఎక్కింది. వెంకటకృష్ణారావు కప్పు అందిస్తున్నాడు. దుర్గాప్రసాద్ ఇద్దరి మధ్యలోకి వచ్చి చెయ్యి వేశాడు. బోర్డు వాళ్ల వెనకాల ఉంది. వాళ్లు ఫొటోగ్రాఫర్ వైపు చూస్తున్నారు. వేదిక కింద నిలబడ్డ జనంలో ఎవరో, "రెండు స్టార్టులేంట్రా?" అని అడిగారు. బసవయ్య వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. వర్జ్యం దగ్గర్నుంచి పెసరట్టు దాకా ఏమీ వదలకుండా చెప్పాడు.

మర్నాడు పేపర్ జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. ఉదయం 7.18 గంటలకు వెంకటకృష్ణారావు జెండా ఊపి పందెం ప్రారంభించారని కింద రాశారు. ఫొటోలో ఆయన తల పక్కన బోర్డు ఉంది. రెండు లైన్లూ కళ్లజోడు లేకుండా చదవొచ్చు.

నాగుల్ మీరా కొట్లో కూర్చుని ఆ ముక్క కత్తిరించి తన పుస్తకంలో అంటించాడు. దాని కింద, ఏడూ పద్దెనిమిదికి నొక్కింది నేను అని రాసి సంతకం చేశాడు. ఆ పక్కన ఇంకొక గీత గీసి, నొక్కించినవారు అని రాశాడు. ఆ గీత మీద సంతకం కోసం ఇష్రత్ మూడుసార్లు ఆ పుస్తకం పట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్లింది. మూడుసార్లూ దుర్గాప్రసాద్ గారు ఇప్పుడే బయటికి వెళ్లారన్నారు. రెండోసారి ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

తర్వాతి ఏడాది పందేనికి తండ్రీకూతుళ్లను సంఘం పిలవలేదు. ఆ గీత మీద ఇప్పటికీ సంతకం లేదు.